దెబ్బ తగిలిన గుర్తులు

మంగళవారం పొద్దున ఇంగెలా దుకాణం తెరవడానికి వచ్చేసరికి ఎవెర్ట్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాత కంబళిలో చుట్టిన రైఫిల్ ఉంది. గడ్డం గీసుకోలేదు. మూస్ అనే పెద్ద అడవి దుప్పుల వేట మొదలై ఒక్క రోజే అయింది. ఈ రోజుల్లో హెడ్‌వికెన్‌లో కాళ్ళూ చేతులూ ఆడే మగవాళ్ళెవరూ, ఆడవాళ్ళలో సగం మందీ ఊళ్ళో ఉండరు. అడవిలో మాటు వేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. డెబ్బై దాటినా ఎవెర్ట్ ఏ ఏడాదీ ఆ వారంలో ఊళ్ళో కనిపించిన మనిషి కాదు.

ఆమె ఇనప తలుపుకి రెండు తాళాలూ తీసి, అలారం ఆపి, దీపాలు వేసేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి రైఫిల్‌ని కౌంటరు మీద పెట్టి, కంబళి విప్పి, పేలకుండా బోల్టు ఊడదీసి దాని పక్కనే పెట్టాడు.

"ఇది అమ్మిపెట్టు. ఎంతొస్తే అంత," అన్నాడు.

ఇంగెలా నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. కూర్చోమని స్టూలు జరిపి కాఫీ పెట్టింది.

కాఫీ తాగుతూ ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నిన్న పొద్దున ఆయన మాటు ముందుకి ఒక ఆడ మూస్ వచ్చి, రాయి విసిరితే తగిలేంత దూరంలో, పక్క చూపిస్తూ నిలబడింది. గాలి లేదు. వెలుతురు బాగుంది. రైఫిల్‌ని పడిపోయిన పైన్ మాను మీద ఆనించి, ముందు భుజానికి కాస్త వెనగ్గా గురిపెట్టి పేల్చాడు. తూటా పోయి తుంటిలో దిగింది. అది కూలబడింది, లేచింది, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ చిత్తడి నేల దాటి పోయింది. కుక్కని పెట్టి వెతికితే మధ్యాహ్నం దాటాక దొరికింది. వేట జట్టుకి పెద్ద అయిన సిక్స్టెన్ దాని బాధ ముగించాల్సి వచ్చింది.

"మేం పోయేసరికి ఇంకా లేవాలని చూస్తోంది," అన్నాడు ఎవెర్ట్ కప్పులోకి చూస్తూ.

సిక్స్టెన్ అరవలేదట. అరిచినా బాగుండేదట. అందరూ కార్ల దగ్గర చేరాక, మామూలు గొంతుతోనే, ఇంక ఇంటి పట్టున ఉండమని చెప్పాడట. కళ్ళు మందగించాయని ఒప్పుకోవడంలో సిగ్గేం లేదన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ అడ్డం రాలేదు.

"మాంసంలో వాటా మాత్రం ఇంటికి తెచ్చిస్తారట," అన్నాడు ఎవెర్ట్. "ముష్టి వేసినట్టు."

ఇంగెలా రైఫిల్‌ని చేతిలోకి తీసుకుంది. దాని మీద ఉన్న, గురి చూసే స్కోపు ఆమె అమ్మిందే. జూన్‌లో, ఆయన పాత స్కోపు అద్దాల్లో చెమ్మ చేరితే, ఈ కొత్త మోడల్ చూపించి, తన చేత్తోనే బిగించి ఇచ్చింది.

"ఇది ఎక్కడైనా తగిలిందా? కింద గాని పడిందా?"

"ఇంట్లోంచి కార్లోకి, కార్లోంచి మాటులోకి. పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చాను."

"అయితే అమ్మే సంగతి తర్వాత చూద్దాం. రెండ్రోజులు నా దగ్గర ఉండనీ."

ఆయన భుజాలు ఎగరేసి, కంబళి మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దుకాణం వెనక గదిలో ఇంగెలా రైఫిల్‌ని, చెక్కకి గీత పడకుండా తోలు ముక్కలు వేసి, బల్లకి ఉన్న ఇనప పట్టకారు లాంటి వైస్‌లో బిగించింది. ముందు స్క్రూలు చూసింది. బిగించినప్పుడు ప్రతి స్క్రూ తల మీంచీ రింగు మీదికి సన్నగా ఎర్ర రంగు గీత గీయడం ఆమెకి అలవాటు. స్క్రూ వదులైతే గీత విరుగుతుంది. ఒక్క గీతా విరగలేదు. స్కోపు గొట్టం మీద ఎక్కడా నొక్కు లేదు, రింగుల కింద జారిన గీరా లేదు. తుపాకీ గొట్టం మూతికి గురి సరిచూసే పరికరం తగిలించి, స్కోపులోంచి చూసింది. అందులోని అడ్డగీతలు పరికరంలోని గళ్ళ మధ్యలో సరిగ్గా నిలబడ్డాయి. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో స్కోపు నెత్తి మీద మెల్లగా తట్టింది. కదల్లేదు. ఇంకోసారి తట్టింది. కదల్లేదు. మళ్ళీ తట్టి కన్ను పెట్టి చూసేసరికి అడ్డగీతలు పక్క గడిలోకి పోయి ఉన్నాయి.

ఆమె కన్ను తీసి, చేతులు గౌనుకి తుడుచుకుని, మళ్ళీ చూసింది. పక్క గడిలోనే ఉన్నాయి. ఈసారి గట్టిగా తడితే చక్కగా మధ్యలోకి తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి.

ఇంగెలాకి ఎవెర్ట్ కంటే ముందు గుర్తొచ్చింది ఫ్యూనెస్‌దాలెన్ నుంచి వచ్చిన ఒకామె. వసంతంలో ఇదే మోడల్ తెచ్చి ఇచ్చి, తూటాలు ఇష్టం వచ్చిన చోటికి పోతున్నాయంది. ఇంగెలా దాన్ని దిగుమతి కంపెనీకి పంపింది. వాళ్ళు చాలా వారాలు ఉంచుకుని, 'దెబ్బ తగిలిన గుర్తులు ఉన్నాయి, వారంటీ వర్తించదు' అని తిప్పి పంపారు. నేను పడెయ్యలేదని ఆవిడ మొత్తుకుంది. కంపెనీ వాళ్ళు మెషీన్ మీద పెట్టి చూస్తారు, వాళ్ళకి తెలియకుండా ఉండదు అని ఇంగెలా సర్దిచెప్పింది. సర్దిచెప్పడం కూడా కాదు, ఆ రోజు దుకాణంలో జనం ఉన్నారు, ఆవిణ్ణి తొందరగా పంపించెయ్యాలని అనేసింది.

బుధవారం ఎవెర్ట్‌ని ఊరి బయటి షూటింగు మైదానానికి రమ్మంది. ఎందుకని అడిగాడు. అమ్మాలంటే కొనేవాడికి గురి కాగితం చూపించాలి కదా అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా వచ్చాడు.

మొదట ఆమే కూర్చుని, ఇసక సంచుల మీద రైఫిల్ ఆనించి, అదే స్కోపుతో పేల్చింది. ముందు పేల్చిన రెండూ కాగితం మీద పక్కపక్కనే పడ్డాయి. తర్వాతది అరచెయ్యంత దూరం పైకి, కుడికి పోయింది. దాని తర్వాతది మళ్ళీ మొదటి చోటుకి వచ్చింది. ఎవెర్ట్ దుర్బిణిలోంచి చూస్తున్నాడు. ఆమె స్కోపు విప్పేసి, తన సొంత రైఫిల్ మీది పాత స్కోపుని ఆయన దానికి బిగించి, గురి సరిచేసి, లేచి ఆయనకి చోటిచ్చింది.

"నా కళ్ళు పాతబడ్డాయిగా," అన్నాడు ఆయన.

"కూర్చో. నసపెట్టకు."

ఆయన రైఫిల్ ఎత్తి చెక్కకి చెంప ఆనించాడు. నింపాదిగా, ఒక్కో తూటాకీ మధ్య ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చుకుని పేల్చాడు. ఇద్దరూ నడుచుకుంటూ గురి బల్ల దగ్గరికి పోయారు. కన్నాలన్నీ ఒకదాన్నొకటి కొరుక్కున్నట్టు పడి ఉన్నాయి. ఒక్క కాఫీ కప్పు అడుగున అన్నీ దాక్కుంటాయి.

ఎవెర్ట్ చేతి తొడుగు తీసి, ఆ చిరుగుని వేలితో తడిమాడు. ఇంగెలా బిర్చి చెట్ల వైపు తిరిగి, పసుపు పచ్చబడ్డ ఆకుల్ని చూస్తున్నట్టు నటించింది.

"అంటే అది నేను కాదు," అన్నాడు చివరికి.

"నువ్వు కాదు."

"దానికి ఆ సంగతి తెలీదు కదా," అన్నాడు ఆయన. చిత్తడి నేల దాటిపోయిన మూస్ గురించి అంటున్నాడని ఆమెకి అర్థం కావడానికి క్షణం పట్టింది.

ఆ సాయంత్రం బంగాళదుంపలు ఒలుస్తూ ఇంగెలా జరిగిందంతా భర్త రోలాండ్‌కి చెప్పింది. అతను అడవిలో మాన్లు కోసే యంత్రం నడుపుతాడు. మాట తక్కువ. అంతా విని, ఆ మోడల్ ఇంకెన్ని ఉన్నాయని అడిగాడు. పెట్టెకి పెట్టె కొంటే మంచి తగ్గింపు ఇస్తామని కంపెనీ అంటే ఆమె తీసుకుంది. సగం అమ్ముడుపోయాయి, సగం అద్దాల బీరువాలో ఉన్నాయి. పైగా ఆ కంపెనీ ఒక్క స్కోపులే ఇవ్వదు. దుకాణంలో అమ్ముడయ్యే తూటాల్లో ఎక్కువ భాగం వాళ్ళ దగ్గర్నుంచే. వాళ్ళతో చెడితే వేట రోజుల్లో అరలు ఖాళీగా ఉంటాయి. ఈ కొద్ది వారాల్లో వచ్చేదే చలికాలమంతా దుకాణాన్ని నిలబెడుతుంది. తుపాకులమ్మే చోటుకి పోలీసులు పెట్టించిన ఇనప తలుపూ కెమెరాలూ, ఏడాదికేడాది పెరిగే బీమా, అక్టోబరు నుంచి మే దాకా ఆరకుండా మండాల్సిన హీటరు, కార్డు గీకే మెషీన్ వాడి వాటా, ఇవేవీ అమ్మకాలు తగ్గాయని ఆగవు. జనం వచ్చి బూట్లు తొడిగి చూసుకుని, సైజు రాసుకుని, ఇంటికి పోయి ఫోన్లో తెప్పించుకుంటున్నారు.

"నేను చెప్పడానికేం లేదు," అన్నాడు రోలాండ్. "కానీ ఆ కంపెనీకి ఇవాళే ఫోన్ చెయ్యి. ఆలస్యం చేస్తే నీకే నోరు పెగలదు."

ఆమె అప్పటికే చేసింది. సర్వీసు వాళ్ళు పంపించమన్నారు, చూసి చెప్పడానికి వారాలు పడుతుందన్నారు. అప్పటికి వేట అయిపోతుంది. ఆ మోడల్ గురి తప్పుతోందని, తన దగ్గర గురి కాగితాలు ఉన్నాయని ఆమె గట్టిగా చెప్పేసరికి, అవతలి గొంతు, మీ ప్రాంతంలో అమ్మకాలు చూసే మా మనిషి క్రిస్టెర్ అటే తిరుగుతున్నాడు, అతనే వస్తాడంది.

గురువారం మధ్యాహ్నం క్రిస్టెర్ వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. ఏ దుకాణానికి పోయినా ఇంట్లో వండిన దాల్చినచెక్క రొట్టెలు పొట్లం కట్టి తెచ్చే అలవాటుంది. ఇవాళా తెచ్చాడు. వెనక గదిలో ఇంగెలా చేసి చూపించిందంతా ఓపిగ్గా చూశాడు. కన్ను పెట్టి, తట్టి, గీతలు జరగడం కళ్ళారా చూశాడు. గురి కాగితాలు వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆ తర్వాత అతని నవ్వు కాస్త వాడింది.

కౌంటరు దగ్గరికి వచ్చి ట్యాబ్లెట్ తెరిచి ఆమె వైపు తిప్పాడు. అందులో టిక్కు పెట్టడానికి రెండు గళ్ళున్నాయి. ఒకటి తయారీ లోపం. రెండోది వాడకంలో దెబ్బ.

"రెండోది పెట్టు," అన్నాడు మెల్లగా. "వ్యాన్లో కొత్త స్కోపు ఉంది, దీనికంటే పై రకం. ఇప్పుడే ఇచ్చేస్తాను, ఆ ముసలాయన సంతోషిస్తాడు. నీ బీరువాలోవి వేట అయ్యాక గుట్టుగా మార్చేస్తాను. నీకు పైసా నష్టం రానివ్వను."

"మరి మొదటిది పెడితే?"

అతను తల గోక్కున్నాడు. గోతెన్‌బర్గ్ గోదాములో ఆ మోడల్ పెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. తయారీ లోపమని ఒక్క దుకాణం రాతపూర్వకంగా, రుజువుతో పంపితే, దేశమంతటా వెనక్కి పిలవాలా వద్దా అన్న మాట మొదలవుతుంది. అది పైవాళ్ళకి ఇష్టం ఉండదు. ఇంత దూరంలో, ఇంత చిన్న దుకాణానికి సరుకు పంపడం దండగ అని వాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారు. వాళ్ళకి ఒక సాకు దొరికినట్టవుతుంది. బెదిరిస్తున్నాననుకోవద్దన్నాడు. అతను బెదిరించడం లేదని ఆమెకీ తెలుసు. అందుకే ఇంకా భయం వేసింది.

అప్పుడే తలుపు గంట మోగి ఎవెర్ట్ లోపలికి వచ్చాడు. రైఫిల్ తీసుకుపోదామని వచ్చాడట. వీళ్ళ మొహాలు చూసి, ట్యాబ్లెట్ చూసి, ఏం జరుగుతోందని అడిగాడు. ఇంగెలా నోరు విప్పేలోపు క్రిస్టెర్ చెప్పేశాడు. రెండు గళ్ళ సంగతీ, మొదటి దానితో దుకాణానికి వచ్చే ముప్పూ, అన్నీ దాచకుండా చెప్పాడు. బహుశా ఆయన ఇంగెలాకి నచ్చజెబుతాడనుకున్నాడు.

ఎవెర్ట్ టోపీ తీశాడు. గోడకి వరసగా ఉన్న తూటాల డబ్బాల్నీ, మూల వేలాడుతున్న గాలాల్నీ, రబ్బరు బూట్లనీ ఒకసారి కలియజూశాడు.

"ఇందులో రాయడానికి ఏముంది?" అన్నాడు. "నేనే పడేశాను. ఆగస్టులో. పడవ దిగుతుంటే కాలు జారి, రాళ్ళ మీద పడింది. సిగ్గేసి ఈ పిల్లకి చెప్పలేదు."

ఆయన నేరుగా క్రిస్టెర్ కళ్ళలోకి చూస్తున్నాడు. పడేసిన స్కోపుతో, గురి సరిచూసుకోకుండా మూస్ మీద పేల్చినవాణ్ణి ఏ జట్టూ మళ్ళీ దగ్గరికి రానివ్వదు. ముసలితనం ఒకరు చేసిన తప్పు కాదు, ఇది తప్పు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు.

క్రిస్టెర్ ఊపిరి వదిలాడు. అతని వేలు రెండో గడి వైపు కదిలింది.

ఇంగెలా అరచెయ్యి తెర మీద పెట్టింది.

"ఎవెర్ట్‌కి పడవ లేదు, క్రిస్టెర్."

ఆమె చెయ్యి తీసి, మొదటి గడిలో తనే టిక్కు పెట్టింది. గురి కాగితాల ఫోటోలు జతచేసి పంపే బొత్తాం నొక్కింది. ఆమె వేలు చల్లగా ఉంది, తెర మొదటిసారి పట్టించుకోలేదు. రెండోసారి నొక్కాల్సి వచ్చింది.

క్రిస్టెర్ కోప్పడలేదు. బీరువాలోని స్కోపులన్నీ లెక్క చూసి వ్యాన్లో పెట్టుకున్నాడు. సోమవారం రావాల్సిన తూటాలు బహుశా రాకపోవచ్చని, ఇంకెవరినైనా చూసుకోమని, నేలకేసి చూస్తూ చెప్పాడు. ఎవెర్ట్ వాడిన స్కోపు కూడా అతను అడిగితే, అది మాత్రం ఇవ్వనంది ఇంగెలా. రొట్టెల పొట్లం కౌంటరు మీదే వదిలి వెళ్ళాడు.

వ్యాన్ మలుపు తిరిగేదాకా ఆగి ఎవెర్ట్ విరుచుకుపడ్డాడు.

"తిక్క మనిషివి నువ్వు. నాకేం, ఇంకో రెండేళ్ళు వేటాడతానేమో. ఈ కొట్టు మూతపడితే తూటాల డబ్బా కోసం అందరూ స్వేగ్ ఊరి దాకా దేకాలి. నేను అంత చక్కగా అబద్ధమాడుతుంటే మధ్యలో నీకేం వచ్చింది?"

"నీకు అమ్మకముందే ఒకటి వాపసు వచ్చింది," అంది ఇంగెలా.

ఆయన ఆగాడు.

"ఇదే మోడల్. ఫ్యూనెస్‌దాలెన్ ఆవిడది. పడెయ్యలేదంటే నేను నమ్మలేదు. నమ్మలేదో, నమ్మాలనుకోలేదో. తర్వాత నీకు అమ్మాను."

ఎవెర్ట్ స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి పొగాకు డబ్బీ తీసి, మూత తిప్పి, మళ్ళీ మూసి జేబులో పెట్టుకున్నాడు. తను ఈ మాట చెప్పకపోతే ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదని ఆమెకి తట్టింది. ఆయన మొహంలో కోపం కోసం వెతికింది. అక్కడున్నది కోపం కాదు. అంతకంటే దూరంగా ఉన్నది ఏదో.

"ఆవిడకి చెప్పావా?" అని అడిగాడు.

"లేదు."

"ముందు ఆవిడకి చెప్పు," అని లేచి, రైఫిల్ తీసుకుని, దాని మీద ఉన్న ఆమె స్కోపు సంగతి ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఇంగెలా ముందు ఆవిడకే ఫోన్ చేసింది. ఆవిడ విని, నేను వసంతంలో చెప్పింది ఇదే కదా అని మాత్రం అని పెట్టేసింది. తర్వాత ఆ మోడల్ కొన్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చేసింది. ఆ స్కోపుతో మూస్ మీద పేల్చవద్దని, తెచ్చి ఇస్తే డబ్బు తిరిగి ఇస్తానని, లేదా వేట అయ్యేదాకా దుకాణంలో ఉన్న వేరే స్కోపు వాడుకోమని చెప్పింది. కొందరు థాంక్స్ చెప్పారు. ఒకడు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని తిట్టాడు. సిక్స్టెన్ ఫోన్ ఎత్తలేదు. అతనూ అదే మోడల్ కొన్నాడు.

అందుకని శనివారం తెల్లవారుతుండగా ఆమె కారేసుకుని వేట జట్టు గుడిసెకి వెళ్ళింది. పొగమంచు ఇంకా కరగలేదు. నిప్పు మీద మసిబారిన కాఫీ కెటిల్, చుట్టూ దుంగల మీద మనుషులు, కార్ల బోనుల్లో మొరుగుతున్న కుక్కలు. ఎవెర్ట్‌ని కూడా, రైఫిల్‌తో సహా, ఆమే బలవంతంగా ఎక్కించుకొచ్చింది. ఆయన కారు దిగి, దాని పక్కనే నిలబడిపోయాడు.

సిక్స్టెన్ పొడుగ్గా, బిగువుగా ఉండే మనిషి. ఆమె చేతిలోని కాగితాలు చూసి, వేట మొదలయ్యేముందు ఇక్కడ దుకాణం తెరవకు ఇంగెలా, అన్నాడు. ఎవరో నవ్వారు.

ఆమె ఆ నవ్వు ఆగేదాకా ఊరుకుంది. తర్వాత కాగితాల్ని దుంగ మీద పరిచి, చెప్పాల్సింది చెప్పింది. ఎవెర్ట్ తూటా ఆ స్కోపు పంపిన చోటికి పోయింది. అది అమ్మింది నేను. అంతకుముందే ఒకటి చెడిందని తెలిసీ అమ్మాను. ఇవి ఆ స్కోపుతో పేల్చినవి, ఇవి వేరే స్కోపుతో ఎవెర్ట్ పేల్చినవి. ఏ కాగితం ఏదో వేలు పెట్టి చూపించింది.

వాళ్ళు వంగి చూశారు. ఒకామె ఎవెర్ట్ కాగితం ఎత్తి వెలుతురుకి పట్టుకుని, ఆ కన్నం లోంచి పక్కవాడి మొహం చూసింది. ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు. సోమవారం కార్ల దగ్గర నోరెత్తనివాళ్ళంతా అక్కడే ఉన్నారు.

సిక్స్టెన్ రెండు రకాల కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత తన కారు దగ్గరికి పోయి రైఫిల్ తెచ్చి, బోల్టు తీసి, ఇంగెలా చేతికిచ్చాడు.

"నాదీ చూడు," అన్నాడు. "ఇవాళ నేను పేల్చను, కుక్కతో నడుస్తాను."

క్షమించమని అడగలేదు. అలా అడిగే మనిషి కాదు. తల మీది టోపీ తీసి, ఎవరికి ఏ మాటో తేల్చడానికి మాటుల గుర్తులు చెక్కిన పుల్లల్ని అందులో వేసి కదిపి, నిప్పు చుట్టూ ఉన్నవాళ్ళందరినీ దాటుకుని ఇంగెలా కారు దాకా నడిచాడు. ముందుగా ఎవెర్ట్ ముందు పట్టాడు.

ఎవెర్ట్ టోపీలోకి చూశాడు, సిక్స్టెన్ మొహంలోకి చూశాడు. చెయ్యి పెట్టి ఒక పుల్ల తీశాడు. దూరంగా పట్టుకుని, గుర్తు చదివి, మొహం చిట్లించాడు.

"చిత్తడి మాటు," అన్నాడు. "ముసలాడి నడుం విరగ్గొట్టడానికే ఈ టోపీ పెట్టుకుని తిరుగుతావా సిక్స్టెన్?"

ఈసారి అందరూ నవ్వారు. సిక్స్టెన్ మాత్రం నవ్వకుండా, బూట్లు మంచివి వేసుకున్నావా అని అడిగాడు.

ఇంగెలా సిక్స్టెన్ రైఫిల్‌ని, ఇంకో ఇద్దరు తెచ్చిచ్చినవాటినీ కారు వెనక పెట్టి తాళం వేసింది. దుకాణం తెరిచే వేళవుతోంది. ఇవాళ తూటాల కోసం ఒస్టెర్‌సుండ్‌లో ఇంకో వ్యాపారితో మాట్లాడాలి. అతను అరువివ్వడు, ధరా ఎక్కువే చెబుతాడు. కారు అద్దం దించి, చెట్ల మధ్య నించి వచ్చే చప్పుళ్ళు వింటూ కాసేపు కూర్చుంది. పొగమంచులో ఒక్కొక్కరూ తమ మాటులకి చేరుకుంటున్నారు. కుక్క తాడు మణికట్టుకి చుట్టుకుని, సిక్స్టెన్ రేడియోలో వరసగా పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కొక్క గొంతూ పలుకుతోంది.

ఎవెర్ట్ పేరు దగ్గర రేడియో గరగరమంది.

"చేరాను," అంది ఎవెర్ట్ గొంతు, విసుగ్గా. "కాళ్ళు అప్పుడే తడిసిపోయాయి. ఇంక మీరంతా నోళ్ళు మూసుకుంటే, ఏదైనా వస్తుందేమో చూస్తాను."